కొత్త బీపీ గోలీకి మొదటి సర్వీసింగు



దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కితే ఎల్బీ నగర్‌కు మధ్యలో రెండే స్టేషన్లు. చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్. ఆ కాసేపట్లో కిటికీలోంచి కిందికి చూడండి. రోడ్డుకు రెండు పక్కలా కోచింగ్ సెంటర్ల బోర్డులు, దవాఖానల బోర్డులు, మెడికల్ షాపుల బోర్డులు. నేను ఆ రోడ్డు పక్క గల్లీలోనే కూర్చుని ఏళ్ల తరబడి బీపీలు చూస్తున్నాను. ఈ వైపు వాళ్లే కాదు, నల్లగొండ, సూర్యాపేట బస్సులు దిగి వచ్చేవాళ్లు కూడా ఎల్బీ నగర్‌లోనే డాక్టర్ని వెతుక్కుంటారు.

ఈ పూట మీకు చెప్పదలచుకున్నది ఒక్కటే మాట. కొత్తగా బీపీ గోలీ మొదలుపెట్టారా? రెండు వారాలకు ఒక రక్తపరీక్ష చేయించుకోండి. పొటాషియం, క్రియాటినిన్. ఈ రెండు పేర్లు గుర్తుంచుకోండి. పొటాషియం, క్రియాటినిన్.

కొత్త బండి కొంటాం. ఐదువందల కిలోమీటర్లో, వెయ్యి కిలోమీటర్లో తిరగ్గానే మొదటి సర్వీసింగుకు తీసుకెళ్తాం. బండి మంచిగానే నడుస్తోంది కదా, ఎందుకులే అని ఎవరూ ఊరుకోరు. సర్వీసింగు తేదీ దాటితే మనకు నిద్ర పట్టదు. మరి గోలీ విషయంలో? బీపీ తగ్గింది, తలనొప్పి పోయింది, ఇంకా టెస్టెందుకు అంటాం. ఆ టెస్టే గోలీకి మొదటి సర్వీసింగు.

అన్ని బీపీ గోలీలకూ ఇది ఒకేలా వర్తించదు. మీ గోలీ అట్ట చేతిలోకి తీసుకోండి. పేరు చదవండి. పేరు చివర ‘సార్టన్’ అని ఉందా? టెల్మిసార్టన్, లోసార్టన్, ఓల్మెసార్టన్. లేదా ‘ప్రిల్’ అని ఉందా? రామిప్రిల్, ఎనలాప్రిల్, లిసినోప్రిల్. ఇవి రెండూ ఒంట్లో పొటాషియంను కాస్త పట్టి ఉంచే జాతి. స్పైరనోలాక్టోన్ అని ఇంకొకటి ఉంది. అది మరింత గట్టిగా పట్టి ఉంచుతుంది. అమ్లోడిపిన్ అలాంటిది కాదు. దానితో పొటాషియం గొడవ లేదు. అయితే ఇప్పుడు చాలామందికి టెల్మిసార్టన్, అమ్లోడిపిన్ కలిపిన గోలీ రాస్తున్నారు. అట్ట మీద రెండో పేరు కూడా చదవండి. సార్టన్. ప్రిల్. చెవిలో పడింది కదా?

ప్రిల్ జాతి ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసా? బ్రెజిల్‌లో జరారాకా అనే పాము ఉంది. అది కరిచినవాళ్లకు బీపీ ఒక్కసారిగా పడిపోయేది. ఎందుకని వెతుక్కుంటూ పోయినవాళ్ల కృషిలోంచే కాప్టోప్రిల్ పుట్టింది. 1981లో అమెరికాలో దానికి అనుమతి వచ్చింది. భయపడకండి, మీ గోలీలో పాము విషం లేదు. మాటల్లో మాటగా చెప్పాను, అంతే.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. గోలీకీ పొటాషియంకూ ఏమిటి సంబంధం?

2020 అక్టోబరు వానలు ఈ వైపు ఉన్నవాళ్లు మరిచిపోయి ఉండరు. సరూర్‌నగర్ చెరువు నిండింది. కింద కోదండరాంనగర్ గల్లీల్లో నడుము లోతు నీళ్లు. అప్పుడు కురిసిన వాన పెద్దదే. కానీ నీళ్లు ఇళ్లలోకి వచ్చింది ఒక్క వాన వల్లేనా? వచ్చిన నీళ్లు వచ్చినట్టు వెళ్లిపోవడానికి దారి ఇరుకైపోయింది. నాలా కుంచించుకుపోయింది. దారి సరిగ్గా ఉంటే పెద్ద వాన కూడా పోతుంది. దారి మూసుకుంటే చిన్న వానకే గడపలోకి నీళ్లు.

మన ఒంట్లోనూ అంతే. మనం తినే ప్రతి కూరలో, పప్పులో, పండులో పొటాషియం ఉంది. అది వాన. రక్తం చెరువు. బయటికి పోయే తూము కిడ్నీ. రోజూ తిన్న పొటాషియంలో ఇంచుమించు 90 శాతం కిడ్నీల ద్వారానే మూత్రంలో పోతుంది. పాతకాలం ఊళ్లలో చెరువు తూము దగ్గర నీరడి ఉండేవాడు, గుర్తుందా? ఎంత నీళ్లు వదలాలో చూసి తూము తెరిచేవాడు. మన ఒంట్లో ఆ నీరడి పేరు ఆల్డోస్టిరోన్. అదొక హార్మోను. పొటాషియం పెరిగితే తూము పైకి లేపుతుంది. అదే హార్మోను ఉప్పునూ నీటినీ మాత్రం ఒంట్లో నిలిపి బీపీ పెంచుతుంది. సార్టన్ గోలీ చేసే పని ఏమిటి? నీరడీ, నువ్వు కొంచెం నెమ్మదించు అంటుంది. బీపీ తగ్గుతుంది. దానితో పాటు తూము కూడా కొంచెం దిగుతుంది.

కిడ్నీలు మంచిగా ఉన్నవాళ్లకు ఇది ఏ లెక్కలోకీ రాదు. తూము పెద్దది. కొంచెం దించినా నీళ్లు పోతూనే ఉంటాయి. కిడ్నీలు బాగుండి, వేరే జబ్బులేవీ లేనివాళ్లలో వందకు ఇద్దరికి కూడా పొటాషియం పెరగదు. అందుకే గోలీ అంటే భయపడొద్దు. షుగరు ఉన్నవాళ్లు, కిడ్నీ కొంచెం దెబ్బతిన్నవాళ్లు, గుండె బలహీనంగా ఉన్నవాళ్లు, వయసు పైబడినవాళ్లు, వీళ్ల తూములో అప్పటికే పూడిక ఉంటుంది. వీళ్లకు పరీక్ష తప్పనిసరి.

ఇక్కడే ఒక తిరకాసు ఉంది. షుగరు వల్ల కిడ్నీ దెబ్బతిని మూత్రంలో ప్రోటీన్ పోతున్నవాళ్లకు ఈ సార్టన్ గోలీలే కిడ్నీని కాపాడతాయి. 2001లో వచ్చిన రెండు పెద్ద అధ్యయనాలు ఆ సంగతి తేల్చాయి. అంటే గోలీ ఎవరికి బాగా మేలు చేస్తుందో, పొటాషియం పెరిగే ముప్పు కూడా వాళ్లకే ఎక్కువ. అందుకే గోలీ మానేయడం దారి కాదు. గోలీ వేసుకుంటూ చూసుకోవడమే దారి.

ఇప్పుడు ఒక పెద్దాయన కథ. నిజానికి ఒక్కాయన కాదు. నా దగ్గరికి వచ్చిన నలుగురైదుగురిని కలిపి ఒకాయనను చేశాను. కొత్తపేటలో ఉంటారనుకోండి. వయసు 64. షుగరు 12 ఏళ్లుగా ఉంది. రిటైరయ్యారు. పొద్దున్నే చెరువు కట్ట వైపు నడక. నెలన్నర కింద ఒక డాక్టరు గారు టెల్మిసార్టన్ 40 రాశారు. తప్పేం రాయలేదు, నేనైనా అదే రాస్తాను. రెండు వారాలకు రమ్మన్నారు. ఈయన వెళ్లలేదు. బీపీ మిషన్ ఇంట్లోనే ఉంది. 130 చూపిస్తోంది. ఇంకెందుకు?

నా దగ్గరికి వచ్చింది కాళ్లు గుంజుతున్నాయని. మెట్లెక్కుతుంటే కాళ్లలో బలం లేనట్టుందట.

‘‘గోలీలు తెచ్చారా?’’ అని అడిగాను.

చీరల షాపు కవరు ఒకటి బల్ల మీద బోర్లించారు. మెడికల్ షాపులో కత్తెరతో అడ్డంగా కోసి ఇచ్చిన అట్ట ముక్కలు. ఒక ముక్క మీద ‘టెల్మి’ వరకే ఉంది. ఇంకో ముక్క మీద పేరే లేదు, ధర మాత్రం ఉంది. తిప్పి చూస్తే డైక్లోఫెనాక్. మోకాళ్ల నొప్పులకు రోజూ ఒకటి. ఎవరు రాశారంటే, ఎవరూ రాయలేదు. షాపులో అడిగి తెచ్చుకున్నారు. కవరు అడుగున ఒక సిరప్ సీసా. ఎప్పుడో కిడ్నీలో రాయి ఉన్నప్పుడు ఇచ్చింది. ఈమధ్య మూత్రం మంటగా ఉంటే మళ్లీ మొదలుపెట్టారు. సీసా మీద చిన్న అక్షరాలు. కళ్లద్దాలు సవరించుకుని చదివాను. పొటాషియం సిట్రేట్.

‘‘పొద్దున్నే ఏం తీసుకుంటారు?’’

‘‘చాయ్ బంద్ చేసిన డాక్టర్ సాబ్. నడక అయినంక కొబ్బరి బోండాం. చలువ జేస్తదని.’’

అప్పటిదాకా పక్కన మౌనంగా కూర్చున్న ఆయన భార్య నోరు విప్పారు. ‘‘ఉప్పు గూడ మార్చిన సార్. బీపీకి మంచిదంటే కూతురు తెచ్చింది. లో సోడియం ఉప్పు.’’

చూశారా శ్రోతలారా? ఒక్కటి కూడా చెడ్డ పని కాదు. బీపీ గోలీ మంచిదే. కొబ్బరి నీళ్లు మంచివే. ఉప్పు తగ్గించాలనుకోవడం ఇంకా మంచిది. కానీ అన్నీ కలిసి ఒకే చెరువులోకి వచ్చి పడ్డాయి. ఒక్కొక్కటీ చూద్దాం.

కొబ్బరి బోండాం. ఒక బోండాం నీళ్లలో ఇంచుమించు 600 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది. ఒకటిన్నర అరటిపండుతో సమానం. అరటిపండంటే భయపడేవాళ్లు కూడా బోండాం దగ్గరికొచ్చేసరికి నీళ్లే కదా అనుకుంటారు.

లో సోడియం ఉప్పు. మామూలు ఉప్పు సోడియం క్లోరైడ్. అందులో కొంత తీసేసి, దాని బదులు పొటాషియం క్లోరైడ్ కలుపుతారు. నాలుగో వంతు కలిపారనుకోండి. రోజుకు ఒక టీ చెంచా, అంటే అయిదు గ్రాములు వాడితే, 650 మిల్లీగ్రాముల పొటాషియం అదనంగా పడుతుంది. అంటే కంటికి కనపడకుండా రోజూ ఇంకో బోండాం తాగినట్టే. ఈ ఉప్పు మీద నాకు కోపం లేదు. చైనాలో 600 ఊళ్లలో, దాదాపు 21 వేల మందితో ఒక పెద్ద అధ్యయనం చేశారు. 2021లో ఫలితాలు వచ్చాయి. ఈ రకం ఉప్పు వాడినవాళ్లలో పక్షవాతం 14 శాతం తగ్గింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2025 జనవరిలో దీన్ని వాడమని సలహా ఇచ్చింది. అయితే అదే సలహాలో ఒక మినహాయింపు ఉంది. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు ఈ సలహా వర్తించదు అని. ప్యాకెట్ మీద ‘గుండెకు మంచిది’ అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది. ఆ మినహాయింపు ఉంటే గింటే వెనక మూల, చీమ తలకాయంత అక్షరాల్లో. కాబట్టి సార్టన్ గోలీ వాడుతున్నవాళ్లు ఉప్పు మార్చే ముందు ఒక్క మాట డాక్టర్ని అడగండి.

మూడోది నొప్పి గోలీ. నన్నడిగితే అన్నిటికన్నా దొంగ ఇదే. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్. వీటిలో పొటాషియం ఉండదు. ఇవి కిడ్నీకి వచ్చే రక్తాన్నే తగ్గిస్తాయి. పైనుంచి వచ్చే కాలువనే సన్నం చేస్తాయి. ఆ పక్కన సార్టన్ తూము దించుతోంది. మోకాలి నొప్పి, బీపీ, షుగరు, ఈ మూడూ ఒకే మనిషికి ఉండటం మన దగ్గర ఎంత మామూలో మీకు తెలుసు. నొప్పికి పారాసిటమాల్ నయం. అది చాలకపోతే డాక్టరుకు చెప్పండి. షాపులో అడిగి తెచ్చుకోవద్దు.

నాలుగోది ఆ సిరప్. దాని పేరులోనే పొటాషియం ఉంది. ఇంకొకటి కూడా చెప్పాలి. మూత్రంలో ఇన్ఫెక్షన్‌కు కొందరు సెప్ట్రాన్ గోలీ వాడతారు. అందులో ట్రైమెథోప్రిమ్ అనే మందు కూడా పొటాషియంను పట్టి ఉంచుతుంది. సార్టన్, ప్రిల్ గోలీలు వాడే పెద్దవాళ్లకు ఈ జోడీ మంచిది కాదు.

మన పెద్దాయనకు అప్పటికప్పుడు పరీక్ష చేయించాం. పొటాషియం 6.1 వచ్చింది.

ఈ అంకెల గురించి నెమ్మదిగా చెప్తాను. రక్తంలో పొటాషియం మూడున్నర నుంచి అయిదు మధ్య ఉండాలి. మూడున్నర నుంచి అయిదు. అయిదున్నర దాటితే డాక్టరుకు ఫోన్ చేయాలి. ఆరు దాటితే ఆ రోజే దవాఖానకు పోవాలి. రేపు చూద్దాం అనుకోకూడదు.

మూడున్నరకూ ఆరుకూ తేడా ఎంత అనిపిస్తుంది. కానీ ఒంట్లోని పొటాషియంలో 98 శాతం కణాల లోపలే ఉంటుంది. బయట, రక్తంలోనూ మిగతా ద్రవాల్లోనూ కలిపి ఉండేది రెండు శాతమే. ఆ లోపలికీ బయటికీ ఉన్న తేడాతోనే గుండె కొట్టుకునే కరెంటు పుడుతుంది. బయట కొంచెం పెరిగినా ఆ కరెంటు తడబడుతుంది. గుండె నెమ్మదిస్తుంది, లయ తప్పుతుంది. మరీ పెరిగితే ఆగిపోతుంది. దీన్ని ముందుగా చెప్పే లక్షణం ఏదీ నమ్మకంగా ఉండదు. కొందరికి నీరసం, కొందరికి కాళ్లలో బలం లేకపోవడం, కొందరికి గుండె దడ. చాలామందికి ఏమీ ఉండదు. అందుకే టెస్టు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. పొటాషియం ఎక్కువ వచ్చిన ప్రతి రిపోర్టూ నిజం కాదు. రక్తం తీసేటప్పుడు పిడికిలి పదే పదే గట్టిగా బిగించినా, చేతికి పట్టీ ఎక్కువసేపు కట్టి ఉంచినా, సూదిలో రక్తకణాలు పగిలినా, తీసిన రక్తం గంటల తరబడి బ్యాగులోనే ఉండిపోయినా, కణాల్లోంచి పొటాషియం బయటికి వచ్చి అంకె పెరుగుతుంది. ఇంటికొచ్చి రక్తం తీసుకెళ్లే అబ్బాయి మీ ఇంటి తర్వాత ఇంకో పదిళ్లు తిరగాలి కదా. కాబట్టి అంకె ఎక్కువ వస్తే వెంటనే రెండోసారి తీయిస్తాం. ఈసీజీ కూడా చూస్తాం.

పెద్దాయనకు రెండోసారి కూడా ఆరే వచ్చింది. ఈసీజీ అదృష్టవశాత్తూ బాగుంది. ఒక రాత్రి దవాఖానలో ఉంచారు. నొప్పి గోలీ, సిరప్, ఉప్పు, బోండాం, నాలుగూ బంద్. టెల్మిసార్టన్ కొన్నాళ్లు ఆపారు. వారానికి పొటాషియం 4.8కి దిగింది. అప్పుడు మళ్లీ అదే గోలీ సగం మోతాదుతో మొదలుపెట్టాం. రెండు వారాలకు మళ్లీ టెస్టు. ఈసారి ఆయనే ముందు రోజు ఫోన్ చేసి, ‘‘రేపే కదా సర్వీసింగు?’’ అన్నారు.

క్రియాటినిన్ సంగతి కొంచెమే చెప్తాను. సార్టన్ మొదలుపెట్టాక అది కాస్త పెరగొచ్చు. ఒకటి ఉన్నది 1.2 అయితే కంగారుపడి గోలీ ఆపేయకండి. 30 శాతం వరకు పెరుగుదలను మామూలుగా ఒప్పుకుంటాం. అంతకు మించితేనే కారణం వెతుకుతాం.

చూసుకోకుండా వాడితే ఏమవుతుందో కెనడాలో ఒకసారి తెలిసింది. 1999లో ఒక అధ్యయనం వచ్చింది. గుండె బలహీనమైనవాళ్లకు స్పైరనోలాక్టోన్ ప్రాణం నిలుపుతుందని. మాట నిజమే. వెంటనే డాక్టర్లంతా రాయడం మొదలుపెట్టారు. అధ్యయనంలో ఉన్నవాళ్లకు జరిగినట్టుగా ఊళ్లో వాళ్లకు రక్తపరీక్షలు జరగలేదు. ఆంటారియో రాష్ట్రంలో పొటాషియం పెరిగి ఆస్పత్రిలో చేరినవాళ్లు 1994లో వెయ్యి మంది రోగులకు ఇద్దరు ముగ్గురు. 2001 నాటికి పదకొండు మంది. మందు అదే. చూసుకోవడమే లేదు.

మన దగ్గర టెస్టు ఎక్కడ చేయించాలి? ప్రైవేటు ల్యాబులు వీధికొకటి ఉన్నాయి. మీకు దగ్గర్లో బస్తీ దవాఖాన ఉంటే అక్కడ అడగండి. అక్కడ తీసిన రక్తాన్ని తెలంగాణ డయాగ్నస్టిక్స్ ల్యాబుకు పంపి ఉచితంగా పరీక్ష చేస్తారు. బీపీ గోలీ కోసం నెలనెలా క్యూలో నిలబడే అక్కలకు, అన్నలకు ప్రత్యేకంగా చెప్తున్నా. గోలీ తీసుకునేటప్పుడే అడగండి. ‘‘నాది సార్టన్ గోలీనా? పొటాషియం టెస్టు ఎప్పుడు?’’ సిగ్గుపడొద్దు. మీది శ్రీకాకుళం వైపు, ఉద్దానం ఊరైతే, ఆ మాట డాక్టరుకు ముందే చెప్పండి. అక్కడ షుగరు, బీపీ లేనివాళ్లకు కూడా కిడ్నీ జబ్బు వస్తోంది.

ఎప్పుడెప్పుడు చేయించాలో మళ్లీ ఒకసారి. గోలీ మొదలుపెట్టే ముందు ఒకసారి. మొదలుపెట్టిన రెండు వారాలకు ఒకసారి. మోతాదు పెంచితే మళ్లీ రెండు వారాలకు. తర్వాత ఎన్ని నెలలకో మీ డాక్టరు చెప్తారు. మధ్యలో వాంతులో, విరేచనాలో పట్టుకుంటే, లేదా మే నెల ఎండలో ఏమీ తినలేక తాగలేక పడిపోతే, ఆ రోజు గోలీ వేసుకోవాలా వద్దా అని ఫోన్ చేసి కనుక్కోండి. ఒళ్లు ఎండిపోయినప్పుడు కిడ్నీకి వచ్చే కాలువ ఎండిపోతుంది.

ఈ ప్రసంగం విని రేపటి నుంచి ఇంట్లో తోటకూర, పాలకూర, టమాట బంద్ చేయకండి. మామూలు కిడ్నీలు ఉన్నవాళ్లకు పొటాషియం బీపీని తగ్గిస్తుంది. రోజుకు కనీసం 3,510 మిల్లీగ్రాములు తినమని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్తుంది. పొటాషియం పెరిగిందని రిపోర్టులో వచ్చినవాళ్లకే పత్యం. వాళ్లు కూడా కూర మానక్కర్లేదు. ఆలుగడ్డను చిన్న ముక్కలుగా కోసి, ఎక్కువ నీళ్లలో ఉడికించి, ఆ నీళ్లు పారబోయండి. పొటాషియం చాలావరకు నీళ్లలో పోతుంది. ఆకుకూరా అంతే. మా అమ్మ వింటే ఊరుకోదు, సత్తువంతా పారబోస్తున్నావంటుంది. పొటాషియం పెరిగిన మనిషికి ఆ సత్తువే బరువు.

మన పెద్దాయన మొన్న మళ్లీ వచ్చారు. రిపోర్టు మడిచి చొక్కా జేబులో పెట్టుకొచ్చారు. పొటాషియం 4.7. బీపీ 132. భార్య పక్కన లేరని చూసుకుని, గొంతు తగ్గించి అడిగారు.

‘‘డాక్టర్ సాబ్, బోండాం?’’

‘‘ఐతారం ఐతారం సగం తాగండి’’ అన్నాను.

‘‘మిగతా సగం?’’

‘‘మేడంకు ఇవ్వండి. ఆమె కిడ్నీలు బాగున్నాయి.’’